చీపురు, చేట, చెక్కపళ్ళెం

మా చిన్నాడపడుచు లాల్‌గడి మలక్‌పేట్‌లో ఇల్లు కట్టుకుంటోంది. శామీర్‌పేట దాటి, జీనోమ్ వ్యాలీ కంపెనీల వైపు వెళ్తుంటే వొస్తుంది ఆ వూరు. శంకుస్థాపనకి వెళ్ళలేకపోయానని అలిగింది కదా, పునాదులన్నా చూసొద్దామని ఓ ఆదివారం మావారితో బయలుదేరాను. వాళ్ళిప్పుడు ఆ స్థలానికి ఎదురుగానే ఓ మేడమీద అద్దెకుంటున్నారు.

పునాదిగోతిలోంచి తవ్విపోసిన మట్టి కుప్ప ఎండలో తళతళా మెరుస్తోంది. వాళ్ళ చిన్నవాడు గుప్పెడు మట్టి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అత్తా! మన స్థలంలో బంగారం పడింది!"

కూలీలు నవ్వారు. "బంగారం గాదు బాబూ, కాకిబంగారం" అన్నాడు మేస్త్రీ. అభ్రకం రేకులన్నమాట.

కింద వాటాలో వుండే పెద్దావిడ అరుగుమీద కూర్చుని చూస్తోంది. డెబ్భై దాటి వుంటాయి. వాణ్ణి పిలిచి, ఆ మట్టి చిటికెడు అరచేతిలో వేసుకుని, చెంబులో నీళ్ళు రెండు చుక్కలు పోసి, చెయ్యి అటూ ఇటూ వొంచింది. ఆ వొంచడం చూసి ఆశ్చర్యపోయాను. మనం చేటలో బియ్యం చెరిగినట్టు ఆవిడ అరచేతిలో మట్టి చెరుగుతోంది.

"బంగారం ఇట్ల మిలమిల అనదు మా" అంది నాకేసి చూసి. "అది పసుపుముద్ద మాదిరి వుంటది. నీళ్ళల్లో యేస్తే కదలకుండా అడుగున కూచుంటది. ఇది చూడు, తేలిపోతా వుంది."

"మీకెలా తెలుసండీ?" అన్నాను.

"మాది మారికుప్పం మా. కోలారు బంగారు గనులు. పుట్టిందీ అక్కడే, మెట్టిందీ అక్కడే."

కూతురికి ఇక్కడి కంపెనీలో వుద్యోగం వొచ్చి ఆవిడ కూడా వొచ్చేసిందట. కుప్పం వైపు తెలుగు, మధ్యలో కాస్త అరవం. పునాదులు చూడ్డానికి వెళ్ళినదాన్ని ఆ పూటంతా ఆవిడ అరుగుమీదే కూర్చుండిపోయాను. మా ఆడపడుచు మళ్ళీ అలిగిందనుకోండి, అది వేరే సంగతి.

బి.ఏ.లో నేను చరిత్ర చదివాను. కోలారు బంగారు గనులంటే మా పుస్తకంలో ఒక్క వాక్యం వుండేది. ఇంటికొచ్చాక ఆ వాక్యం వెనకాల ఏముందా అని పాత గెజెటీర్లు, చరిత్ర పుస్తకాలు తిరగేశాను. అట్టే దూరం వెళ్ళనక్కర్లేకుండానే నాకు చీపురూ, చేటా కనిపించాయి.

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు పోయాక మైసూరు సరిహద్దులు కొలవడానికి ఇంగ్లీషువాళ్ళు మనుషుల్ని పంపారు. వాళ్ళలో ఒకడు లెఫ్టినెంట్ జాన్ వారెన్. 1802లో కోలారు తూర్పు వైపు కొండల దగ్గర కొలతలు వేస్తుంటే, ఇక్కడి భూమిలో బంగారం దొరుకుతుందని వూళ్ళవాళ్ళు చెప్పుకోవడం అతని చెవిన పడింది. చూపించినవాళ్ళకి బహుమానమిస్తానన్నాడు. వూరిగాంలో ఆ పని తెలిసిన ఆడవాళ్ళని పన్నెండుమందిని పిలిపించి మట్టి కడిగించాడు. ఒక్కొక్కరి చేతిలో వున్న పనిముట్లేమిటో అతను రాసిపెట్టాడు. ఓ చీపురు, ఓ చేట, దొప్పలా తొలిచిన ఓ చెక్కపళ్ళెం. పొలంలో పైమట్టి చీపురుతో వూడ్చి, చేటతో ఎత్తి, పళ్ళెంలో పోసి, నీళ్ళలో ముంచి, చేత్తో కలియబెడుతూ తేలికైన మట్టిని వొదిలేస్తూ పోతే చివరికి అడుగున నల్లటి ఇసుక, అందులో రవ్వంత బంగారం.

మారికుప్పంలో ఇంకా పెద్ద పనే జరుగుతోంది. మగవాళ్ళు 30 అడుగులు, 45 అడుగులు లోతు గోతుల్లోకి దిగి రాళ్ళు పగలగొట్టి, గంపల్లో ఒకరి చేతిమీదుగా ఒకరికి పైకందిస్తున్నారు. పైన ఆడవాళ్ళు ఆ రాళ్ళని పెద్ద బండమీద వేసి పొడి కొట్టి, బావి దగ్గరికి తీసుకెళ్ళి కడుగుతున్నారు.

దంచడం, జల్లించడం, చెరగడం, కడగడం! మనింట్లో రోజూ జరిగే నాలుగు పనులే ఇవి. కంసాలి కొట్టు ముందు దుమ్ము వూడ్చుకుపోయి కడుక్కునేవాళ్ళని మా అమ్మమ్మ చిన్నప్పుడు చూసిందట. ఆ పనికి జలగడగడమనే మాట మన నిఘంటువుల్లో వుంది. గోదావరి ఇసుకలో మంగపేట దగ్గర ఇలాగే బంగారం కడిగేవారని నిజాం రాజ్యం గెజెటీరులో వుంది. రోజంతా కడిగితే ఏం మిగిలేదో! వారెన్ లెక్క ప్రకారం బస్తాకి సరిపడా మట్టి కడిగితే గోధుమగింజ ఎత్తు బంగారం రావడమే గొప్ప.

మరి వీళ్ళు ఎవరి అనుమతితో తవ్వుతున్నారు? ఆ ప్రశ్న అప్పటికింకా పుట్టినట్టు లేదు. కంపెనీ అనేది రాకముందు లైసెన్సూ లేదు, దొంగా లేడు.

ఇంకా వెనక్కి వెళ్తే ఇదెంత పాత విద్యో తెలుస్తుంది. ఒకప్పుడు మన నిజాం రాజ్యంలోదే అయిన రాయచూరు జిల్లాలో హట్టి గనులున్నాయి. అక్కడ తవ్వడం మొదలుపెట్టినప్పుడు తెల్ల ఇంజనీర్లకి ఎప్పుడో రెండువేల ఏళ్ళనాటి గోతులు ఎదురయ్యాయి. రాతిని నిప్పుతో కాల్చి, నీళ్ళు పోసి, పగిలిన బీటలోంచి దారి చేసుకుంటూ వందల అడుగులు దిగారు ఆ పాతకాలంవాళ్ళు. అశోకుడు తన పేరు చెప్పుకున్న మస్కి శాసనాన్ని 1915లో కనిపెట్టిందీ ఓ బంగారు గనుల ఇంజనీరే, బీడన్ అని. బంగారం వెతుక్కుంటూ వెళ్ళినవాడికి అశోకుడు దొరికాడన్నమాట! మన కర్నూలు జిల్లా జొన్నగిరి దగ్గర ఎర్రగుడిలోనూ అశోకుడి శాసనాలున్నాయి. జొన్నగిరే ఆనాటి సువర్ణగిరి అని కొందరు పండితులు, కాదు కనకగిరి అని కొందరు, కాదు మస్కి అని ఇంకొందరు వాదించుకున్నారు. ఎవరు గెలిచినా బంగారం కొండమీదే కూర్చుంటారు కనక నాకేం దిగుల్లేదు.

మళ్ళీ మారికుప్పానికి వొద్దాం. వారెన్ వెళ్ళిపోయాక ఇంకొందరు దొరలొచ్చి తవ్వి చూశారు. లాభం లేకపోయింది. చేతి పనిముట్లతో లోతుకి దిగిన వూళ్ళవాళ్ళు గోతులు విరిగిపడి చచ్చిపోతుంటే, 1859లో భూమిలోపల తవ్వకాలు నిషేధించారు. ఆ రోజుతో తరతరాల పని కాస్తా నేరమైపోయింది. ప్రాణాలు కాపాడ్డానికే చేశారు, తప్పుపట్టను. కాని గోతులకి దన్ను కట్టడం నేర్పిద్దామనీ, వీళ్ళ పేర్లు రాసుకుని వీళ్ళకే ఇద్దామనీ ఎవరికీ తోచలేదు.

తర్వాత లవెల్ అనే పాత సిపాయి వొచ్చాడు. న్యూజిలాండ్ యుద్ధాల్లో పనిచేసి బెంగుళూరులో స్థిరపడినవాడు. వారెన్ రాసిన వ్యాసం చదివి 1871లో ఎద్దుబండి కట్టించుకుని కోలారు వెళ్ళి, పాత గోతులన్నీ చూసుకుని, మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. 1875లో అతనికి ఇరవయ్యేళ్ళ లైసెన్సు దొరికింది. అతని దగ్గర డబ్బు లేదు. చేతులు మారి మారి, 1880లో లండన్‌నించి జాన్ టేలర్ అండ్ సన్స్ వారు దిగారు. అక్కణ్ణించి అంతా మహావైభవం. 1902లో శివసముద్రం జలపాతం కరెంటు నూట నలభై కిలోమీటర్లకి పైగా తీగల మీద ప్రయాణించి గనులకి చేరింది. బెంగుళూరు నగరంకన్నా ముందు ఇక్కడే దీపాలు వెలిగాయి. క్లబ్బులూ, బంగళాలూ, ఆ చల్లగాలీ చూసి దొరలు దానికి 'చిన్న ఇంగ్లండు' అని పేరు పెట్టుకున్నారు. కూలీలకి మాత్రం తడికల గుడిసెలు. ఉత్తర ఆర్కాటు, సేలం, చిత్తూరు ప్రాంతాలనించి అరవవాళ్ళు, తెలుగువాళ్ళు కుటుంబాలతో సహా తరలివొచ్చారు. ఎక్కువమంది మాలమాదిగలు, భూమిలేని నిరుపేదలు. వూళ్ళో దొర పొలంలో వెట్టికన్నా గనిలో చీకటే నయమని వొచ్చారు. ఆ సంగతి మరిచిపోకూడదు. గని వాళ్ళకి చేతిలో డబ్బులిచ్చింది.

గని ఎంత లోతుకి వెళ్ళిందంటే, ఛాంపియన్ రీఫ్ అనే గని మూడు కిలోమీటర్లు దాటింది. అంత లోతున రాయి పొయ్యిమీద పెనంలా వుంటుంది. ఒక్కోసారి బరువుకి తాళలేక రాయే పేలిపోయేది. పేలుడులో పోకుండా బతికినవాళ్ళ వూపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకునేది. 1940లలో అక్కడి డాక్టర్లు వేలమంది కూలీలను పరీక్ష చేసి చూస్తే నూటికి నలభైమందికి పైగా ఆ దుమ్ము జబ్బే, సిలికోసిస్, వుందని తేలింది.

"మా నాయనకి గదే మా" అంది పెద్దావిడ. "రాత్రంతా దగ్గతా వుండె. దగ్గు వినపడకపోతే మాకు బయం. లేచి పోయి చూస్తా వుంటిమి."

ఇంతటి గనికీ ఎప్పుడూ ఒకటే భయం, దొంగతనం. బంగారపు రాయి చిన్న ముక్కైనా విలువే కదా. గనిలోంచి పైకొచ్చినవాణ్ణి నోరు తెరిపించి, గోచీ విప్పించి వెతికేవారు. 1897లో మైసూరు సంస్థానం గనుల చట్టం చేసింది. ఎవరి దగ్గరైనా బంగారపు రాయో, బంగారం కలిసిన పాదరసమో కనిపిస్తే, అది తనకెలా వొచ్చిందో వాడే రుజువు చేసుకోవాలి. లేకపోతే జైలు. మామూలుగా నేరం చేశాడని సర్కారు రుజువు చెయ్యాలి. ఇక్కడ చెయ్యలేదని కూలీ రుజువు చెయ్యాలి. వూరిగాంలో పన్నెండుమంది ఆడవాళ్ళు కడిగి చూపించిన మట్టే అది. వాళ్ళ మనవరాలు అదే మట్టి ఇంటి వెనకాల కడిగితే దొంగ.

నిజంగా దొంగతనాలు జరగలేదా అంటే, జరిగాయి. దొంగ రాయి కొనుక్కునే షావుకార్లు, కరిగించి ఇచ్చేవాళ్ళు, కళ్ళు మూసుకునే కాపలావాళ్ళు, అన్నీ వున్నాయి. దొరికిపోయేది మటుకు గోచీవాడు.

1930లో కంపెనీవారికి ఇంకో ఆలోచన వొచ్చింది. కూలీలందరినీ పేరుపేరునా రిజిస్టరు చేసి, ప్రతివాడి వేలిముద్రా తీసుకోవాలని. ఇవాళ చూస్తే ఇందులో ఏముంది, గుర్తింపు కార్డే కదా అనిపిస్తుంది. ఆ రోజుల్లో వేలిముద్రలు తీసేది పోలీసుస్టేషన్లో, పాతదొంగలకి. వేలాదిమంది కూలీలు పని మానేసి కూర్చున్నారు. అప్పటికింకా గట్టి యూనియనంటూ లేదు. అడిగింది జీతం పెంచమని కాదు, తమని దొంగల జాబితాలో రాయొద్దని. వారాల తరబడి గనులు ఆగిపోయాయి. మన చరిత్ర పుస్తకాల్లో 1930 అంటే ఉప్పు సత్యాగ్రహమే వుంటుంది. ఆ ఏడే కోలారులో వేలెత్తి చూపిన వీళ్ళకి, క్షమించాలి, వేలు ఇవ్వనన్న వీళ్ళకి మా పుస్తకంలో ఒక్క పేరా అయినా లేదు.

ఈ కథ చెప్తే పెద్దావిడ నవ్వేసి తన బొటనవేలు చూపించింది. "ఇప్పుడు ఇస్తామన్నా తీసుకోరు మా. పింఛనీకి పోతే ఆ మిషను మీద పెడతారు. ఎర్రలైటే వస్తది. నా యేలికి ముద్ర లేదంట." ముప్పయ్యేళ్ళు నాలుగిళ్ళలో గిన్నెలు తోమిన వేలు అది. నున్నగా వుంది, గీతల్లేవు.

స్వాతంత్ర్యం వొచ్చాక 1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. తర్వాత కేంద్రం చేతికి పోయాయి. 1972నించి భారత్ గోల్డ్ మైన్స్ అన్నారు. అప్పటి మన రాష్ట్రంలోనే అనంతపురం జిల్లా రామగిరిలోనూ, కుప్పం దగ్గర చిగురుగుంటలోనూ వీళ్ళే తవ్వారు. లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది, రాతిలో బంగారం తగ్గింది. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూసేశారు.

ఆ తేదీ చదివి పుస్తకం మూసేశాను. ఆ ఫిబ్రవరిలోనే నా పెళ్ళి. తులం నాలుగువేల చిల్లర వుండేది, అదే ఎక్కువని నాన్న ఆబిడ్స్‌లో నాలుగు కొట్లు తిరిగారు. నాకు ఎనిమిది తులాలు పెట్టారు. నేను కొత్తగొలుసు పెట్టుకుని అత్తవారింటికి వెళ్ళిన నెలలో పెద్దావిడ భర్త ఇచ్చిన డబ్బు పుచ్చుకుని ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు తులం లక్ష దాటింది. గొలుసు నా మెళ్ళోనే వుంది.

ఒక లెక్క చెప్తాను, వంటింట్లో కూర్చుని వేసిన లెక్క. కోలారులో నూట ఇరవయ్యేళ్ళపాటు తవ్వి తీసిన బంగారమంతా కలిపి 800 టన్నులంటారు. మన దేశం ఇప్పుడు ఏడాదికి బయటినించి తెప్పించుకునేది 700, 800 టన్నులు. మూడు తరాల దగ్గు మనకి ఒక్క పెళ్ళిళ్ళ సంవత్సరానికి సరిపోతుంది. మన నేలలో తీసేది టన్నున్నర అటూ ఇటూ, అదీ చాలామటుకు హట్టిదే.

గనులు మూసినా దిబ్బలు మిగిలాయి. పొడి కొట్టిన రాతిని సైనైడు నీళ్ళలో నానబెట్టి బంగారం లాగేశాక మిగిలిన పిప్పి, మూడుకోట్ల టన్నులకి పైనే, కొండలుగా పడి వుంది. గాలివీస్తే ఆ తెల్లదుమ్ము ఇళ్ళలోకొస్తుంది. "ఆరేసిన చీరెలు మళ్ళా వుతుక్కోవాల" అంది పెద్దావిడ. మగపిల్లలు తెల్లవారకుండానే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు వెళ్ళి, కూలో, కాపలా వుద్యోగమో చేసుకుని రాత్రికి ఇల్లు చేరతారు.

రైళ్ళు ఆగిపోయిన రోజులు మీకు గుర్తున్నాయి కదా, కరోనా లాక్‌డౌను. 2020 మే నెలలో కొందరు మారికుప్పం దగ్గర మూసేసిన గనిలోకి రాత్రిపూట దిగారు, బంగారపు రాయి కోసం. ముగ్గురు తిరిగి రాలేదు. లోపల గాలి ఆడని గని అది.

"దొంగలే మా, కాదనను" అంది ఆవిడ చాలాసేపటికి. "మొగుడు గన్లో దిగితే పని. మూసినాక అదే గన్లో కొడుకు దిగితే దొంగతనం."

నాకు జవాబు తోచలేదు. మేస్త్రీకి టీ తెమ్మని మా ఆడపడుచు కేకేస్తే లేచి వెళ్ళాను.

ఇదేదో కోలారు గోడు అనుకున్నాను గాని, ప్రపంచమంతా ఇదే కథ. కంపెనీలు కాకుండా పలుగూ పారతో సొంతంగా బంగారం తవ్వుకునేవాళ్ళు కోటిన్నర మందికి పైగా వున్నారని ఐక్యరాజ్యసమితి లెక్క. ప్రపంచంలో ఏటా తీసే బంగారంలో ఇంచుమించు అయిదోవంతు వాళ్ళదే. ఆడవాళ్ళూ పిల్లలూ నలభై యాభై లక్షలమంది. వీళ్ళలో ఎక్కువమందికి ఏ కాగితమూ లేదు.

కాగితం లేకపోతే ఏమవుతుందో చూడండి. మట్టిలో పాదరసం పోసి కలిపితే అది బంగారం రేణువుల్ని పట్టేసుకుని ముద్దవుతుంది. ఆ ముద్దని వేడి చేస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. చవకైన పద్ధతి, ఎవరైనా చెయ్యొచ్చు. ఎక్కడ వేడి చేస్తారు? దొంగచాటు పని కనక, ఇంట్లో పొయ్యి మీద, అన్నం వండిన పొయ్యి మీద. పక్కన పిల్లలుంటారు. ఆ ఆవిరి నరాలని తినేస్తుంది. వాన పడితే ఏట్లో చేరి చేపల్లోకి, చేపల్లోంచి కడుపుతో వున్న తల్లుల్లోకి. జపాన్‌లో మినమాటా వూరి పిల్లలకేమైందో చదివే వుంటారు. ఆ వూరి పేరుమీదే 2013లో చాలా దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. 2017నించి అది అమల్లోకొచ్చింది, మన దేశమూ 2018లో ఒప్పుకుంది. ఇవాళ మనుషులు గాలిలోకి వొదిలే పాదరసంలో అన్నిటికన్నా పెద్ద వాటా కార్ఖానాలది కాదు, ఈ చిన్న చిన్న పొయ్యిలదేనట.

అందుకని వీళ్ళకి పట్టా ఇచ్చి, చట్టంలోకి తెచ్చి, పాదరసం లేని పద్ధతి నేర్పిద్దామని చాలా దేశాలు ప్రయత్నిస్తున్నాయి. ఘానాలో 1989లోనే చిన్న తవ్వకాలకి చట్టం చేశారు. కాని లైసెన్సు కావాలంటే రాజధానికి తిరగాలి, కొలతలకి డబ్బు కట్టాలి, నెలలు ఆగాలి. కాగితం డబ్బున్నవాడికొచ్చింది, పార వున్నవాడికి రాలేదు. పెద్ద యంత్రాలతో బయటినించి వొచ్చినవాళ్ళు ఏళ్ళని బురద చేసేశారు. 2017లో ప్రభుత్వం విసిగిపోయి చిన్న తవ్వకాలన్నీ ఆపమంది. పట్టా వున్నవాడూ ఆగాడు, లేనివాడు చీకట్లో తవ్వాడు. మరుసటి ఏడాది చివర మళ్ళీ తెరిచారు. పెరూలో 2012నించి పేర్లు నమోదు చేయించుకోమంటున్నారు, గడువు పెడుతున్నారు, గడువు పొడిగిస్తున్నారు. పేరు రాయించుకున్నవాడిని పోలీసులు పట్టుకోరు, అంతవరకే. చాలామందికి పట్టా మటుకు రాలేదు. ఇలా పేరు రాయించుకుని, అడివి నరికేవాళ్ళూ తయారయ్యారు. దక్షిణాఫ్రికా సంగతి చెప్పడానికే భయం. స్టిల్‌ఫాంటీన్ అనే చోట మూసేసిన గనిలో దొంగచాటుగా తవ్వుకునేవాళ్ళని బయటికి రప్పించడానికి 2024లో పోలీసులు తిండీ నీళ్ళూ దిగకుండా కట్టడి చేశారు. 2025 జనవరిలో 78 శవాలు పైకి తీశారు.

పేరు రాసుకోవడమంటే అన్నిచోట్లా ఒకటి కాదని ఇప్పుడర్థమైంది నాకు. 1930లో కోలారు కూలీలు భయపడింది తమమీద కన్నేసి వుంచే పుస్తకానికి. ఇవాళ పెరూలో, ఘానాలో తవ్వుకునేవాళ్ళు అడుగుతున్నది తమకో చోటిచ్చే పుస్తకం. ఫలానా గొయ్యి నీది, ఫలానా ధరకి ప్రభుత్వమే కొంటుంది, దన్ను ఇలా కట్టుకో, నీ భార్య పేరూ పట్టాలో వుంటుంది అని చెప్పే పుస్తకం. ఆఖరి మాట ముఖ్యం. మట్టి కడిగేది ఆడవాళ్ళయినా పట్టాలు గొయ్యి తవ్వే మగవాడి పేరునే పుడుతున్నాయి చాలాచోట్ల.

మన దగ్గర రెండో రకం పుస్తకమే లేదు. 2015నించి బంగారం గని కావాలంటే వేలంపాటలో పాడుకోవాలి. కోట్లున్న కంపెనీ పాడుతుంది, చేట వున్న ఆడది ఎలా పాడుతుంది? జొన్నగిరిలో ఇప్పుడో ప్రైవేటు కంపెనీ బంగారం గని పెట్టింది. అదే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి జల్లు పడగానే వేలమంది నడుం వొంచుకుని వజ్రాలు వెతుక్కుంటారు. ఆడవాళ్ళు, పిల్లలు, పక్క జిల్లాల కూలీలు చెట్లకింద వొండుకు తింటూ వారాలుంటారు. ఎవరికైనా రాయి దొరికితే ఆ పూటే వ్యాపారి వాలిపోతాడు. కాగితం లేని రాయి కదా, అతను చెప్పిందే ధర. మర్నాడు పేపర్లో 'కూలీని వరించిన అదృష్టం' అని వేస్తారు. ఆ రాయి అసలు ధర ఏ పేపర్లోనూ రాదు.

మా అమ్మ ఈ కథంతా విని, "మన కంసాలి వాళ్ళకి జరగలేదుటే?" అంది. నిజమే. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో బంగారం అదుపు ఉత్తర్వు వొచ్చింది. పధ్నాలుగు కారెట్లకి మించి కొత్త నగ చెయ్యకూడదు. తెల్లవారేసరికి కుంపటి ముందు కూర్చున్న కంసాలి నేరస్థుడు. ఆత్మహత్యలు చేసుకున్నవాళ్ళున్నారు. 1968లో అది చట్టమే అయింది, 1990లో ఎత్తేశారు. అన్నాళ్ళూ దొంగబంగారం ఆగిందా అంటే, సముద్రం మీద పడవల్లో వొస్తూనే వుంది.

ఈమధ్య మా ఆడపడుచు కూతురికి గాజులు కొనడానికి వెళ్ళాం. ఇప్పుడు ప్రతి నగమీదా హాల్‌మార్కుతోబాటు ఆరు అక్షరాల నెంబరు వుండాలి, 2023 ఏప్రిల్‌నించి అది లేకుండా అమ్మకూడదు. కొట్లో కుర్రాడు భూతద్దం ఇచ్చి చూపించాడు. సూదిమొనతో రాసినట్టు గాజు లోపల సన్నటి అంకెలు. "దీనికీ ఆధారు కార్డేనా?" అన్నాను. నవ్వాడు. ఆ నెంబరు ఫోనులో కొడితే ఏ కొట్టుది, ఎక్కడ పరీక్ష చేశారు, స్వచ్ఛత ఎంత అన్నీ వొచ్చాయి. "ఎక్కడ తవ్వారో వొస్తుందా?" అన్నాను. అతను కొత్త గాజుల పెట్టె తీశాడు. మనకొచ్చే బంగారంలో పెరూదీ వుంది, ఘానాదీ వుంది. కరిగితే అన్నీ ఒకటే రంగు.

గాజులు కొన్నాం, కొనకుండా రాలేదు. నేనేదో సన్యాసం పుచ్చుకున్నానని అనుకోకండి.

గృహప్రవేశానికి లాల్‌గడి మలక్‌పేట్ వెళ్ళినప్పుడు ఆ గాజులు పెద్దావిడకి చూపించింది మా ఆడపడుచు. ఆవిడ గాజు పుచ్చుకుని నెంబరు చూడలేదు, మెరుపు చూడలేదు. అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకీ కిందకీ ఆడించి బరువు చూసింది. "బాగుండాది" అని ఇచ్చేసి, మనవరాలు వాకిట్లో పోసిన ఇసుకలో ఆడుతుంటే దాని చేతిలో చేట లాక్కుంది. "అట్ల కాదు, ముందుకి వొంచు. బరువుది నీ వైపు నిలవాల" అని వెనకనించి దాని రెండు చేతులూ పట్టుకుని చెరగడం నేర్పిస్తోంది. వుత్త ఇసుకే. అందులో కాకిబంగారం ఎగిరి పోతుంటే ఆ పిల్ల కేరింతలు కొడుతోంది.